మందిరంలో మూలుగు

హిగాషి ఒసాకా
ఫిబ్రవరి మొదటి వారం

చిరంజీవి సదావోకి,

నేను క్షేమం. మోకాళ్లు కూడా క్షేమమే, పొద్దున పూట తప్ప.

నువ్వు ఇప్పుడు నుమాజు ఆలయంలో ర్యూగెన్ గురువుగారివని నాకు తెలుసు. కానీ నీ ముక్కు తుడిచిన చేత్తో "గురువుగారూ" అని రాయడం కుదరడం లేదు. కవరు మీద ఒక్కచోట రాశాను, దానితో సరిపెట్టుకో.

నీ పెట్టె ఈ ఉదయం లారీకి ఎక్కించాను. మీ బావ పోయాక, మొదటి నుంచి చివరిదాకా నేను ఒక్కదాన్నే కట్టిన గిటార్ ఆంప్లిఫైయర్ ఇదే. ఇన్నేళ్లూ సోల్డరింగ్ నాది, వైర్ల అల్లిక నాది, చెవి మాత్రం ఆయనది. పని అయ్యాక నన్ను వంటింట్లోకి పంపేసి, ఆయనొక్కడే పెట్టె ముందు కూర్చుని వినేవాడు. "నువ్వు ఊపిరి పీల్చినా వినపడుతుంది, లోపలికి పో" అనేవాడు. నేను మాట్లాడితేనే పక్కవాళ్లకి వినపడదు. ఊపిరి ఎలా వినపడేదో ఆయనకే తెలియాలి.

స్పీకరూ, శబ్దం పెంచే గాజు వాల్వులూ ఒకే పెట్టెలో కాపురం చేయాలని అడిగావు. చిక్కంతా అక్కడే. స్పీకర్ ఊగితే వాల్వు లోపలి సన్న తీగలు ఊగుతాయి. ఆ ఊపు మళ్లీ శబ్దమై స్పీకర్లోకే వస్తుంది. ఒక ఇంట్లో అత్తాకోడళ్ల లాగా ఒకరి మాట ఒకరు అందుకుంటూ పోతారు. అందుకని వాల్వుల సాకెట్ల కింద మెత్తటి రబ్బరు వాషర్లు వేశాను. ఒక్కో వాల్వునీ వెలిగించి చెక్క చాప్‌స్టిక్‌తో తట్టి చూశాను. స్పీకర్లో టింగుమన్నవాటిని పక్కన పెట్టి, తట్టినా పట్టించుకోని మొద్దు వాల్వుల్నే తీసుకున్నాను. వాల్వుల్ని వేడెక్కించే వైర్లు జడలా గట్టిగా పేనాను. ఎర్త్ వైర్లన్నీ ఒక్క బోల్టు దగ్గరికే తెచ్చి కట్టాను. ట్రాన్స్‌ఫార్మర్లు రెండింటినీ ఎడమొహం పెడమొహంగా కూర్చోబెట్టాను, ఒకదాని గొడవ రెండోదానికి అంటకుండా.

ఇక అసలు సంగతి. మార్చి నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పమన్నారు మన రిపేరు షాపు గది అద్దెకిచ్చిన ఒగురి గారు. నేను ఖాళీ చేస్తే, ఆక్టోపస్ ఉండలు వేయించి అమ్మే అతనికి ఇస్తారట. మన పాత ఖాతాదారులు వస్తున్నారు. మీ బావ ఫోటోకి దణ్ణం పెట్టి, టీ తాగి, రిపేరు పని మాత్రం వేరే షాపుకి పట్టుకెళ్తున్నారు. "ఆ చెవి పోయింది కదమ్మా" అంటున్నారు. అది నిజమో కాదో నాకే తెలియదు. అందుకని మా ఆలయంలో కరుణా దేవత కన్నోన్ తల్లి ముందు కూర్చుని ఒక మాట అనుకున్నాను. ఈ పెట్టె మీ మందిరంలో నిశ్శబ్దంగా ఉంటే షాపు ఉంచుకుంటాను. మూలిగితే తాళం ఇచ్చేసి, భోజనం డబ్బాలు సర్దే ఫ్యాక్టరీలో చేరిపోతాను.

కాబట్టి నిజం రాయి. జాలితో రాయకు.

నీ అక్క,
ఇకుయే


నుమాజు
ఫిబ్రవరి మధ్యలో

పూజ్యురాలైన ఇకుయే అక్కయ్య పాదపద్మాలకి,

ఫోన్ చేద్దామంటే అది మామగారి గది గుమ్మంలో ఉంది. ఆయనకి ఆలయం గంట వినపడదు గానీ, ఇల్లరికపు అల్లుడు ఫోనెత్తితే మాత్రం వినపడుతుంది. అందుకే ఉత్తరం.

పెట్టె చేరింది. అద్భుతం. మహాద్భుతం. పూర్వజన్మలో ఏ పుణ్యం చేశానో గానీ ఇలాంటి అక్క దొరికింది. నిశ్శబ్దం అంటే అదీ నిశ్శబ్దం. చిజురు కూడా మెచ్చుకుంది. నీ మరదలు పెళ్లయ్యాక దేన్నీ మెచ్చుకున్నట్టు నాకు గుర్తు లేదు.

ఏప్రిల్లో బుద్ధుడు పుట్టిన రోజు పండుగకి మందిరంలో గిటార్ వాయిస్తానన్నాను కదా. మామగారు ఎట్టకేలకు ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. "తీగల మీంచి నీ చేయి తీసేశాక, నువ్వు ఈ ఇంటికి రాకముందు మందిరం ఎంత ప్రశాంతంగా ఉండేదో అంత ప్రశాంతంగా ఉండాలి" అన్నారు. అందులో దెప్పు ఎంత, షరతు ఎంత అని నేను విడదీయలేదు. షరతు తప్పితే గిటార్ అటక మీదికి, నేను స్మశానం ఊడవడానికి.

అన్నట్టు ఒక చిన్న సందేహం. ఊరికే, జ్ఞానం కోసం. ఇలాంటి పెట్టె కింద దిండు వేయవచ్చా? రెండు దిండ్లు వేస్తే?

నీ తమ్ముడు,
సదావో


హిగాషి ఒసాకా
ఫిబ్రవరి చివర

సదావో,

నీ ఉత్తరం చదివాను. చిన్నప్పుడు పక్కింటి పండ్ల చెట్టు ఎక్కలేదని చెప్పేటప్పుడు కూడా నువ్వు ఇలాగే "మహాద్భుతం" అనేవాడివి. చొక్కా నిండా ఆకులు ఉండేవి.

దిండు ఎందుకు?

నీ మీద కోపం లేదు. అబద్ధం ఆడకూడదని రోజూ ఊరందరికీ చెప్పే వృత్తి నీది. అలసిపోయి ఉంటావు. నేను చెప్పినట్టు చేసి, చూసింది చూసినట్టు రాయి. శబ్దం పెంచే బిరడా పూర్తిగా కిందికి తిప్పు. అప్పుడూ మూలుగుతోందా? తర్వాత ప్లగ్గు పీకి, చల్లారనిచ్చి, వెనక కనపడే వాల్వులన్నీ పైకి లాగెయ్. లోపలి తీగల జోలికి మాత్రం వెళ్లకు. ప్లగ్గు పీకినా వాటిలో కాసేపు కరెంటు ఉంటుంది, నాకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. మళ్లీ ప్లగ్గు పెట్టి, శబ్దం స్పీకర్లోంచి వస్తోందో, పెట్టెలోంచి వస్తోందో విను. చివరిగా పెట్టె పైన అరచేయి పెట్టి చూడు. వణుకుతోందా?

ఇకుయే


నుమాజు
మార్చి మొదట్లో

అక్కా,

దొరికిపోయాను. మూలుగుతోంది.

బిరడా కిందికి తిప్పాను, మూలుగుతోంది. వాల్వులన్నీ పీకేశాను, అయినా మూలుగుతోంది. స్పీకర్లోంచి కాదు, పెట్టె ఒంట్లోంచే. చేయి పెడితే జ్వరం వచ్చిన దూడలా వణుకుతోంది. వెచ్చగా కూడా ఉంది, పిల్లి దాని మీద నుంచి దిగడం లేదు. మందిరం నేల పాత చెక్క కదా, ఆ వణుకు నేలంతా పాకి ఇత్తడి దీపపు గొలుసుల దాకా వెళ్తోంది. నైవేద్యం పళ్లెంలో కమలాపళ్లు మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయి. తాళం సంగతి రాశావు కదా, అందుకే దాచాను.

ఇంకోటి కూడా దాచాను. నువ్వు కూర్చుని చదువు.

మన భక్తురాళ్లలో మసుయో మామ్మగారని ఒకావిడ ఉన్నారు. ఎనభై దాటారు, ఊళ్లో ఆవిడ మాటే శాసనం. పెట్టె వచ్చిన మూడోరోజు ఉదయం ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయారు. అరచేతులు నేల మీద ఆనించారు.

"గురువుగారూ, కింద ఎవరో జపం చేస్తున్నారు" అన్నారు.

"ఎవరూ లేరండీ" అన్నాను.

"నాకు చెప్పకండి. మా ఆయన జపం చేసేటప్పుడు మంచం ఇలాగే వణికేది. బుద్ధుడే."

నేను చెప్పబోయాను. నిజంగా చెప్పబోయాను. ఈలోగా ఆవిడ పక్కావిడ చేతులు కూడా నేలకి ఆనించేశారు. మర్నాటికి పదిమంది వచ్చారు. మా ఆలయంలో ఉదయపు పూజకి పదిమంది రావడం మామగారి పెళ్లి తర్వాత ఇదేనట. ఆయనకి చెవుడు, కానీ మోకాళ్లకి తెలుస్తోంది. నన్నొక చూపు చూశారు. ఇప్పుడు పెట్టె మీద చాప కప్పి, అలంకరణ వెనక పెట్టి, వాళ్లు వచ్చే వేళకి స్విచ్చి వేస్తున్నాను. వాళ్లు నిరాశపడకూడదని.

నువ్వు తిట్టబోయేదంతా ఊహించుకుని ముందే తలవంచాను. జుట్టు లేదు కాబట్టి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పెట్టె ఈ రోజే లారీలో తిరిగి పంపుతున్నాను.

సదావో


హిగాషి ఒసాకా
మార్చి మధ్యలో

సదావో,

తిట్టను. ఈ నాలుగు రోజులూ నీ తరఫున కూడా దణ్ణాలు పెట్టుకుంటున్నాను, దానికే టైము సరిపోవడం లేదు. పాపం ఆ పెద్దావిడ ట్రాన్స్‌ఫార్మర్‌కి చేతులు జోడించింది. ఆ పాపంలో సగం కట్టినదానిది, సగం స్విచ్చి వేసినవాడిది. నీ వాటా నువ్వే చూసుకో.

పెట్టె చేరింది. వచ్చిన రోజే ప్లగ్గు పెట్టాను.

మూలగడం లేదు.

అరచేయి పెట్టాను, నుదురు ఆనించాను. నీళ్ల గ్లాసు దాని మీద పెట్టి చూశాను, నీటి మీద ఒక్క గీత కదల్లేదు. ప్రతి బోల్టూ మళ్లీ బిగించాను, అవి ముందే బిగుతుగా ఉన్నాయి. పక్క షాపులో టోఫు అమ్మే కవాబే గారిని పిలిచి వినమన్నాను. ఆయన చాలాసేపు తల వంచి విని, "బావుందమ్మా, ఇంతకీ ఇది ఏ స్టేషను?" అన్నారు.

అంటే నా చెవికి వినపడటం లేదు, నా చేతికి తెలియడం లేదు. నీ దగ్గర కమలాపళ్లు తిరిగేంత వణుకు నా అరచేతికి అందలేదంటే, ఖాతాదారుల మాటే నిజం. మీ బావ నన్ను వంటింట్లోకి ఎందుకు పంపేవాడో ఇప్పుడు అర్థమైంది. నేను అనవసరంగా నొచ్చుకునేదాన్ని.

నెలాఖరున ఒగురి గారికి తాళం ఇచ్చేస్తాను. ఫ్యాక్టరీ వాళ్లు తెల్ల టోపీ కొలత తీసుకున్నారు. పండుగకి నువ్వు వేరే ఆంప్లిఫైయర్ ఏదైనా అద్దెకి తెచ్చుకో. మామగారికి నా క్షమాపణలు చెప్పు.

ఇకుయే


నుమాజు
మార్చి ఇరవై దాటాక

అక్కా,

ఈ ఉత్తరం చేరేసరికి తాళం నీ దగ్గరే ఉంటే దాన్ని మింగెయ్. ఎవరికీ ఇవ్వకు.

ఈ ఉదయం మసుయో మామ్మగారు వచ్చి, నేల మీద చేతులు పెట్టి, "బుద్ధుడు రెండు వారాలుగా మౌనంగా ఉన్నాడు, మీరేం చేశారు?" అని నన్ను నిలదీశారు. ఆ కోపం పోయేలోపు నన్నే కాదు, తన కోడల్ని కూడా దులిపేశారు. ఆ కోడలు పెళ్లయి కొత్తలో నాగోయా నుంచి గోడ గడియారం తెచ్చిందట, కరెంటుతో నడిచేది. పుట్టింట్లో సెకను తప్పేది కాదట. ఇక్కడ పెట్టిన రోజు నుంచి వెనకబడటమేనట.

"పడమటి నుంచి వచ్చినవన్నీ ఇంతే. మన గాలి తగలగానే బద్ధకిస్తాయి" అన్నారు. "గడియారం, కోడలు, మీరు."

నేను నవ్వబోయి ఆగిపోయాను. నేను ఇల్లరికం వచ్చినప్పుడు ఒసాకా నుంచి నా రికార్డు ప్లేయర్ తెచ్చుకున్నాను, గుర్తుందా? ఇక్కడ పెట్టగానే పాడే ఆవిడ గొంతు మగాడి గొంతులా దిగిపోయింది. సముద్రపు గాలికి పాడైందనుకుని బాధపడ్డాను. కరెంటు షాపతను చూసి నా మొహం మీదే నవ్వాడు. "ఫుజి ఏరు దాటొచ్చావు కదయ్యా. అటు పక్క కరెంటు సెకనుకి అరవైసార్లు ఊగుతుంది, ఇటు యాభైయే" అని, లోపల చిన్న చక్రం ఒకటి మార్చి ఇచ్చాడు. ఆ రోజు తర్వాత ఇప్పటిదాకా మళ్లీ దాని మాటే తలవలేదు.

అక్కా, నీ పెట్టె కూడా ఏరు దాటింది కదా.

నాకు ట్రాన్స్‌ఫార్మర్ల గురించి తెలియదు. దానికి చేతులు జోడించడం తప్ప మా ఊళ్లో ఎవరికీ ఇంకేం తెలియదు. నువ్వు చూడు.

సదావో


హిగాషి ఒసాకా
మార్చి చివర

చిరంజీవి సదావోకి,

చూశాను. నీ పెట్టెకి కరెంటు అందించే ట్రాన్స్‌ఫార్మర్, మీ బావ దాచుకున్న పాతవాటిలోంచి తీసినది. నల్ల రంగు కొంచెం గీకితే అంకె కనపడింది. అరవై. అదొక్కటే. యాభై అని ఎక్కడా లేదు.

కరెంటు తక్కువసార్లు ఊగితే ఒక్కో ఊపూ ఎక్కువసేపు ఉంటుంది. అంతసేపు తాగుతూ కూర్చుంటే ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుము కడుపు నిండిపోతుంది. ఆపైన పట్టక మూలుగుతుంది, వేడెక్కుతుంది, వణుకుతుంది. పెద్ద ఇనుము అయితే తట్టుకునేది. ఇది ఇక్కడి కరెంటుకి సరిపడా ఇనుముతో చుట్టినది. ఏరు అవతల కరెంటు వేరని నేను బడిలో చదివాను. పరీక్షలో వచ్చింది, రాశాను కూడా. మీ బావ ఖాతాదారులంతా ఇటు గట్టు వాళ్లే. ఇన్నేళ్లలో మా షాపు నుంచి ఏరు దాటిన మొదటి పెట్టె నీదే. కొత్తగా బయటికి పంపిన దానికే ఇలా అయింది.

మరి నా చెవి పోలేదు. ఇక్కడ లేని శబ్దం ఇక్కడ వినపడలేదు, అంతే. ఇది తెలిశాక ఆ రోజు అన్నం రెండోసారి వడ్డించుకున్నాను.

కానీ కన్నోన్ తల్లి ముందు అన్న మాట ఉంది. మందిరంలో మూలిగితే తాళం ఇచ్చేస్తానన్నాను. మూలిగింది. కరెంటుదే తప్పని తల్లికి చెప్పుకోవడం బావుండదు, ఆవిడ ముందు ఏనాడూ సాకులు చెప్పలేదు. ఇవాళ వెళ్లి, ఇంకొక్క అవకాశం ఇమ్మని అడిగాను. ఆవిడ ఏమీ అనలేదు. ఎప్పుడూ అనదు. దాన్ని ఒప్పుకున్నట్టే తీసుకోవచ్చని నువ్వు ఒకసారి ప్రసంగంలో చెప్పావు కదా. నీ ప్రసంగం నాకు పనికి రావడం ఇదే మొదటిసారి.

ఒగురి గారు పండుగ దాకా ఆగుతానన్నారు. రెండు రకాల కరెంటుకీ పనికొచ్చే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాను. బాగా బరువు. అన్నీ బిగించే లోపలి రేకుకి పాత కన్నం సరిపోక ఆకురాయితో పెద్దది చేశాను, చేతులు బొబ్బలెక్కాయి. కింద రబ్బరు వేసి బిగించాను. ఇక్కడ నిశ్శబ్దంగానే ఉంది, కానీ ఇక్కడి నిశ్శబ్దం ఇప్పుడు దేనికీ సాక్ష్యం కాదు. అందుకని పండుగ ముందు రోజు పెట్టెతో పాటు నేనే రైల్లో వస్తాను. రాత్రి బండికి తిరిగి వెళ్లాలి, మా ఆలయంలో పండుగకి తీపి టీ కాచే వంతు నాది. మామగారు ఏమంటే అదే తీర్పు. ఇక మళ్లీ అడగను, తల్లిని గానీ నిన్ను గానీ.

ఇంకొక్క మాట. నేను వచ్చేలోగా మసుయో మామ్మగారికి నిజం చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. నా గొంతు చిన్నదే, కానీ ఆవిడ చెవి దగ్గరికి వెళ్లి చెప్పగలను.

ఇకుయే


నుమాజు
ఏప్రిల్, పండుగ మర్నాడు

అక్కా,

చివరికి నువ్వే చెప్పాల్సి వచ్చింది. నన్ను స్తంభం పక్కన నిలబెట్టి, ఆవిడ చెవిలో మెల్లగా నువ్వు చెప్పడం, ఆవిడ నన్నే చూస్తూ తల ఊపడం, నేను బతికినంత కాలం మర్చిపోను. "దొంగ గురువు" అన్నారు ఆవిడ నువ్వు వెళ్లాక. "రేపు వస్తాను. ఏం వాయిస్తాడో చూస్తాను."

ఇక నిన్నటి సంగతి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "అద్భుతం" అనే మాట వాడను.

పువ్వుల మండపంలో గిన్నె మధ్య చిన్న బుద్ధుణ్ణి నిలబెట్టి, తీపి టీతో అభిషేకం చేశాం. మందిరం నిండింది. మామగారు ముందు వరసలో, పెట్టెకి చేతికందే దూరంలో కూర్చున్నారు. మంత్రం మొదలుపెట్టకముందే నేను స్విచ్చి వేశాను, నువ్వు చెప్పినట్టు వాల్వులు బాగా వేడెక్కాలని. మంత్రం అయింది. గిటార్ ఒళ్లో పెట్టుకున్నాను. తీగల మీద చేయి వేయలేదు. మామగారు వినాలి కదా, ఆగాను.

ఆయన కూడా ఆగారు. అందరూ ఆగారు. గిన్నెలోకి తీపి టీ కారే చుక్కల చప్పుడు వినపడుతోంది. కొంతసేపటికి ఆయన విసుక్కున్నారు. చెవిటివాళ్ల గుసగుస ఎలా ఉంటుందో తెలుసు కదా, వీధి చివరికి వినపడింది.

"అల్లుడూ, ఆ దిక్కుమాలిన పెట్టె వెలిగించవయ్యా. ఎంతసేపు కూర్చోబెడతావు?"

"మంత్రానికి ముందే వెలిగించానండీ."

ఆయన నమ్మలేదు. వంగి పెట్టె మీద అరచేయి ఆనించారు. అలాగే ఉంచారు. తర్వాత చేయి తీసి, దాన్ని ఒకసారి చూసుకుని, "వెచ్చగా ఉంది" అన్నారు. అంతే. "వాయించు."

వాయించాను. మరీ చెడగొట్టలేదు. ఆఖరి తీగ మీద చేయి వేసి ఆపాక, మళ్లీ టీ చుక్కల చప్పుడే. మసుయో మామ్మగారు అప్పటిదాకా రెండు చేతులూ నేలకి ఆనించే ఉన్నారు. లేచి నా దగ్గరికి వచ్చి, "ఏమీ తెలియడం లేదు. మీ అక్క గట్టి మనిషి" అన్నారు. వెళ్తూ వెళ్తూ ఆగి, "అయినా మూలుగే బావుండేది. నీ పాట కంటే" అన్నారు.

ఈ ఉదయం పూజకి ఎంతమంది వచ్చారో అడగకు. మామగారు, నేను, పిల్లి. కానీ పూజయ్యాక ఆయన గిటార్‌ని అటక మీద పెట్టమనలేదు.

ఒడవారా నుంచి మా పాత స్నేహితుడు హగివారా వచ్చాడు నిన్న, బార్లలో వాయిస్తాడు. పెట్టె వెనక మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. "ఎవరు కట్టారు? మీ బావ పోయాడు కదా?" అన్నాడు. మా అక్క అని చెప్పాను. తనకీ ఒకటి కావాలట. పేరు ఎక్కడా రాయలేదేంటని అడిగాడు. నాకూ అదే అనిపించింది. నీ పేరు రాయి అక్కా.

సదావో


హిగాషి ఒసాకా
ఏప్రిల్ మధ్యలో

చిరంజీవి సదావోకి,

నీ ఉత్తరం కన్నోన్ తల్లి ముందు పెట్టి చదివాను. "దిక్కుమాలిన" అన్న చోట గొంతు తగ్గించాను.

ఒగురి గారికి తాళం ఇవ్వలేదు. షాపు ఉంచుకుంటున్నానని చెప్పాను. ఆయనకి వినపడక మళ్లీ చెప్పమన్నారు. రెండోసారి కాస్త గట్టిగానే చెప్పాను, పక్క షాపులోంచి కవాబే గారు తొంగిచూశారు. ఆక్టోపస్ ఉండల అతనికి మూల మీద వేరే చోటు దొరికింది. ఫ్యాక్టరీ వాళ్ల తెల్ల టోపీ తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమన్నారు. సోల్డరింగ్ పొగకి జుట్టు పాడవకుండా పనికొస్తోంది.

హగివారా గారి పెట్టె మొదలుపెట్టాను. వెనక పలక మీద నా పేరు చెక్కించాను, చిన్న అక్షరాలతో.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆయన కరెంటు నా దగ్గర లేదు. ఎంత జాగ్రత్తగా కట్టినా, ఏరు అవతల అది నోరు మూసుకుంటుందో లేదో ఇక్కడ కూర్చుని చెప్పలేను. కాబట్టి తూర్పు వైపు వెళ్లే ప్రతి పెట్టే ముందు మీ మందిరానికి వస్తుంది. మామగారి అనుమతి నువ్వే అడుగు, ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, అంటే నువ్వు ఎదురుగా లేనప్పుడు చిజురుతో అడిగించు. నువ్వు విని చెబుతానంటావేమో, వద్దు. నువ్వు నా తమ్ముడివి, దిండు వేస్తావు.

మసుయో మామ్మగారిని పిలువు. ఆవిడకి ఆ మూలుగంటే ఇష్టం, కాబట్టి ఎక్కడ ఇసుమంత ఉన్నా వదలరు. పెట్టె వెలిగించి ఆవిడ చేతులు నేల మీద పెట్టించు. ఆవిడ చాలాసేపు వెతికి, ఏమీ దొరక్క, మొహం ముడుచుకుని లేచి వెళ్లిపోతేనే హగివారా గారికి కబురు చెయ్యి.

నీ అక్క,
ఇకుయే